గోడకు తిప్పిన పలక

ఉప్పు వేసేశాడు. ఇంక నిలబడటం తప్ప చేసేదేం లేదు. పొట్ట చీల్చి, విప్పి, వెదురు జల్లెళ్ళ మీద వరసగా పరిచిన కొహాదా చేపలు, వెండి వీపులూ వాటి మీద నల్ల చుక్కలూ, ఉప్పు కింద మెల్లగా నీరు వదులుతున్నాయి. ఇవి ఈ రోజు తినేవి కావు. ఈ రోజు ఉప్పు, తర్వాత వెనిగర్, తర్వాత విశ్రాంతి, ఎల్లుండికి గానీ సుషీ అన్నం ముద్ద మీదికి ఎక్కవు. ఎల్లుండి ఇక్కడ ఎవడుంటాడో ఏమో. పక్కనే చినబాబు కొనిపెట్టిన టైమర్, కోడిగుడ్డంత తెల్లటిది, అంకెలు వెనక్కి నడుస్తున్నాయి, ఇరవై అయిదు నిమిషాలట, నవంబరు చేపకి ఇరవై అయిదని ఎవడో వీడియోలో చెప్పాడట. నవంబరు చేపంతా ఒకటేనా, ఒకదానికి కొవ్వు ఉంటుంది, ఇంకోదానికి ఉండదు, వేలితో నొక్కితే తెలుస్తుంది. ముప్ఫై అయిదేళ్ళుగా నొక్కుతున్న వేలు ఇది. మిత్సుగు టైమర్ కేసి చూడకూడదనుకున్నాడు, చూశాడు, ఇరవై రెండు. గోడ మీద గడియారం కేసి చూశాడు, పదీ ముప్ఫై మూడు. పదకొండున్నరకి గుమ్మానికి తెర కట్టి దుకాణం తలుపు తీస్తారు, తీయగానే ఒరిహారా అమ్మగారు వస్తుంది, ఇవాళ పదిహేడో తేదీ కదా, వచ్చి అదే చోట కూర్చుని, గోడ కేసి తలెత్తి, అక్కడ చేపల పేర్లతో వేలాడే చెక్కపలకల్లో అయిదోదాన్ని చదువుతుంది. అనాగొ, అంటే సముద్రపు ఈల్ చేప. చదివి, ఒకటి పెట్టమంటుంది. అప్పుడు తను ఏం పెడతాడు?

ఫ్రిజ్‌లో డబ్బా ఉంది. వండి, కోసి, గడ్డకట్టించి, ప్లాస్టిక్‌లో వరసగా పేర్చి పెరూ నుంచి ఓడెక్కించినది. అది అనాగొ కాదు, సముద్రపు పాముకి తమ్ముడు వరసయ్యే ఏదో చేప, డబ్బా పక్కన చీమకాళ్ళంత అక్షరాలతో ఆ సంగతి రాసే ఉంది, డబ్బా కూడా నిజం చెప్తోంది, గోడే చెప్పట్లేదు. పొద్దున్నే చెప్పాడు చినబాబుకి, ఈ సుషీ దుకాణం నడిపి చనిపోయిన మేస్త్రి కొడుకుకి. ముప్ఫై నాలుగేళ్ళు, చేతులు మెత్తగా ఉంటాయి, నిరుడు దాకా ఏదో ప్రకటనల కంపెనీలో కుర్చీలో కూర్చున్న చేతులు. "చినబాబూ, ఆ అనాగొ పలక గోడకి తిప్పేస్తాను." "వద్దు మిత్సుగుగారూ, ఇవాళ లేని చేపలవి ఇప్పటికే నాలుగు తిప్పారు. గోడంతా బోసిపోతే ఫోటోలో ఏం బాగుంటుంది?" "మరి అది అనాగొ కాదు కదా." "పైన మన పులుసు పూస్తారు కదా! పోయిన నెల అమ్మాం. ఎవరైనా అడిగారా?" అడగలేదు. అదే కదా. ఎవరూ అడగలేదు. చినబాబు ఆ మాట తిట్టినట్టు అనలేదు, నవ్వుతూ, భుజం తట్టబోయి, తట్టకుండా చెయ్యి వెనక్కి తీసుకుని అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. మేస్త్రి తిట్టేవాడు, తడి గుడ్డ మెలిపెట్టి వీపు మీద ఛళ్ళున కొట్టేవాడు, ఆ దెబ్బకి ఒక మర్యాద ఉండేది.

ఈ కొహాదా అంత దౌర్భాగ్యపు చేప ఇంకోటి లేదు. మిగతా చేపలకి పెరిగిన కొద్దీ పేరు మారుతుంది, పేరుతో పాటు ధరా పెరుగుతుంది, ఊళ్ళో పెద్దమనిషైనట్టు. ఇదొక్కటే తిరకాసు. వేలెడంత ఉన్నప్పుడు షింకొ అంటారు, అప్పుడు దాని కోసం కొట్టుకుంటారు, మూడేసి పిల్లలు కలిపితే గానీ ఒక ముద్ద మీద చాలవు, అయినా కళ్ళకద్దుకుని తింటారు. కాస్త పెరిగితే కొహాదా. ఇంకాస్త పెరిగితే నకజుమి, అప్పటికే మొహం తిప్పుకుంటారు. పూర్తిగా పెరిగి పెద్దదైతే కొనోషిరొ, దాన్ని సుషీ దుకాణంలో ఎవరూ లోపలికి రానివ్వరు, మేస్త్రి అయితే ఆ పేరుతో పలకే రాయించలేదు. ఒళ్ళు పెరగడమే అది చేసిన తప్పు. పదిహేనేళ్ళప్పుడు ఉత్తరాది ఇవాతె తీరం నుంచి రైలెక్కి వచ్చినప్పుడు అందరూ అన్నారు, చేతులు చూడండి, చల్లటి చేతులు, అన్నం అంటుకోదు, వీడు పైకొస్తాడు అని. ఇప్పుడు యాభై మూడు. చేతులు అవే. బూడిదరంగు పడ్డ తల, అద్దెగది, పొద్దున్నే లేవగానే నడుం పట్టేయడం. పెరిగాడు మరి, పూర్తిగా పెరిగాడు, పలక లేని సైజుకి వచ్చేశాడు. చినబాబు మొన్న ఎవరితోనో ఫోన్‌లో అంటుంటే విన్నాడు, "పాతవాళ్ళని మార్చడం కష్టం బ్రో." పాతవాళ్ళట. ఒక్కడే ఉన్నాడు కదా, బహువచనం ఎందుకు, ఒక్కణ్ణి ఒక్కడుగా అనడానిక్కూడా చేతకాదా.

వేలితో నొక్కాడు. ఇంకా బిగుసుకోలేదు.

అరలో బోర్లించి ఉన్న టీ కప్పులు. పెద్దవి, మందమైనవి, చుట్టూ చేపల పేర్లు అచ్చువేసినవి, చేపకో అక్షరం, ప్రతి అక్షరానికీ ఎడమ పక్క చేప గుర్తు, కుడి పక్క ఇంకోటేదో. అదే తన బడి. అసలు బడిలో లెక్కల మేష్టారు తన నోటుబుక్కు ఎత్తి క్లాసంతటికీ చూపించేవాడు, ఇవి అక్షరాలా, ఎండబెట్టిన స్క్విడ్లా అని, తర్వాత గోడకేసి నిలబెట్టేవాడు. ఇక్కడికొచ్చాక మొదటి మూడేళ్ళు చేప ముట్టనివ్వలేదు మేస్త్రి, కప్పులు కడగమన్నాడు. రోజూ అవే కప్పులు, వెచ్చటి నీళ్ళలో బొటనవేలితో ఒక్కో అక్షరం మీద రుద్దుతూ, చేప గుర్తుకి మంచు గుర్తు కలిస్తే కాడ్ చేప, చేపకి బలహీనం కలిస్తే సార్డీన్, తీయగానే పాడైపోతుంది కాబట్టి. అలా చదువుకున్నాడు, సబ్బునీళ్ళలో. గోడ మీద పలకలన్నీ మేస్త్రి చేతిరాత, కుంచెతో, నల్లగా, ఎక్కడా వణుకు లేకుండా. ఒకసారి, ఇరవై ఏళ్ళ క్రితం, మాకెరెల్ పలక విరిగితే నేను రాయనా అని అడిగాడు. మేస్త్రి పగలబడి నవ్వాడు. "ఒరేయ్ మిత్సూ, నీ రాత చూస్తే చచ్చిన చేప లేచి పారిపోతుందిరా!" అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ దవడలో నొప్పిగా ఉంది. చచ్చిపోయినవాడి మీద కోపం తెచ్చుకోకూడదంటారు, మరి బతికున్నప్పుడు తెచ్చుకోవడానికి టైమెక్కడ ఇచ్చాడు, పొద్దున అయిదింటి నుంచి పని.

కానీ పలకలు తిప్పేవాడు. అది చెప్పాలి. చేప అయిపోగానే, లేకపోతే ఆ రోజు మార్కెట్లో మంచిది దొరక్కపోతే, పలక పట్టుకుని గోడకేసి తిప్పేసేవాడు, వెనక వట్టి చెక్క. ఒక తుఫాను వారం పడవలేవీ కదల్లేదు, మేస్త్రి ఒక్కోటే తిప్పుకుంటూ పోయాడు, చివరికి గోడ మీద రెండే మిగిలాయి, గుడ్డట్టూ, అన్నంలో సొరకాయ పెట్టి చుట్టే చుట్టా. ఆ రెంటితోనే తలుపు తీశాడు. సిగ్గుపడలేదు. వచ్చినవాళ్ళు గోడ చూసి నవ్వారు, ట్రామ్ డ్రైవర్ ఒకాయన "ఏంటి మేస్త్రీ, చేపలన్నీ అలిగాయా?" అన్నాడు, కూర్చున్నాడు, సొరకాయ చుట్ట రెండు సార్లు తిన్నాడు. ఆ బోసిగోడ చూడటానికి ఎంత బాగుందో! ఫోటో తీసుకోవలసింది దాన్నిరా, చినబాబూ.

ఇప్పుడు నొక్కితే వేలు దిగలేదు, చర్మం బిగిసింది. టైమర్‌లో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఉండనీ. జల్లెళ్ళు ఎత్తి తొట్లోకి దించాడు, ఉప్పు కడిగాడు, నీళ్ళు చల్లగా మణికట్టు దాకా కొరికాయి, ఒక్కో చేపనీ తోక పట్టుకుని వెనిగర్‌లో ఒకసారి ముంచి తీసి, మళ్ళీ కొత్త వెనిగర్‌లో పడుకోబెట్టాడు. టైమర్ మోగింది. మోగుతూనే ఉంది. చేతులు తడిగా ఉన్నాయి, ఆపలేదు. దానంతట అదే సిగ్గుపడి ఊరుకుంది.

ఇక్కడి పేర్లన్నీ వేళాకోళాలే, ఆ మాటకొస్తే. దోసకాయ చుట్టకి నీటిభూతం పేరు, ఆ భూతానికి దోసకాయంటే ప్రాణమట. టూనా చుట్టకి పేకాట చావడి పేరు, జూదగాళ్ళు ఆట మధ్యలో చేతికి జిడ్డు అంటకుండా తినేవాళ్ళట. సొరకాయ చుట్టని తుపాకీ గొట్టం అంటారు, పైన చేపగుడ్లు పోసి చుట్టూ సముద్రపు పాచి ఆకు కట్టినదాన్ని యుద్ధనౌక అంటారు, తీపి సోయా వేపుడు సంచిలో అన్నం కూరితే నక్కదేవర పేరు. వంటింట్లో వాళ్ళకి ఇంకో భాష, టీని ముగింపంటారు, సోయా సాసుని ఊదా అంటారు. అవి తలుపు ఇవతలి మాటలు. కొందరు మహానుభావులు అవి నేర్చుకునొచ్చి, పక్కనున్న అమ్మాయి వినేలా "కొంచెం ఊదా పొయ్యవయ్యా" అంటారు, సోయాని సోయా అంటే ఏం పోయింది వీళ్ళ సొమ్ము, మేస్త్రి అలాంటివాళ్ళకి మర్యాదగా వంగి దండం పెట్టి, మంటపుట్టే వసాబి ముద్ద రెండింతలు పెట్టేవాడు. సరే, అది వేరే కోపం. ఏం ఆలోచిస్తున్నాడు? ఆఁ, వేళాకోళాలు. దోసకాయకి భూతం పేరు పెడితే ఎవడూ మోసపోడు. లోపల భూతం ఉందని ఎవడూ కొరికి చూడడు. ఆ పేర్లలో ఒక నవ్వుంది, పెట్టినవాడూ తిన్నవాడూ కలిసి నవ్వే నవ్వు. ఈ అయిదో పలకలో ఒక్కడే నవ్వుతున్నాడు. కాదు, చినబాబు కూడా నవ్వట్లేదు, వాడికి అది పేరే కాదు, గోడ మీద ఖాళీ పూడ్చే చెక్కముక్క. నవ్వేది ఎవరు మరి? ఎవరూ లేరు. అదే ఒళ్ళు మండిస్తోంది.

పోయిన నెల పెట్టింది ఎవరు? చినబాబా? చినబాబుకి ముద్ద చుట్టడం రాదు. పోయిన నెల పదిహేడున ఒరిహారా అమ్మగారు ఎప్పట్లాగే కూర్చుంది, ఎనభై రెండేళ్ళ మనిషి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎప్పట్లాగే మూడు అడిగింది, కొహాదా, అనాగొ, చివర్లో తుపాకీ గొట్టం. ప్రతి నెలా ఆ రోజున వస్తుంది, భర్త పోయిన తేదీ. ఆయన అనాగొ కోసం ప్రాణం పెట్టేవాడు, రంపపు మిల్లులో పనిచేసి పొట్టు రాలుతున్న బట్టలతో వచ్చేవాడు, రెండు తిని మూడోది ఆవిడకి పొట్లం కట్టించుకునేవాడు. ఆవిడ ఇప్పుడు ఆయన వంతు తింటుంది. ఆ డబ్బాలోది తీసి, ఆవిరి పట్టి, చల్లటి ఈ చేతుల్తో, పేరున్న ఈ చేతుల్తో, ముద్ద మీద పెట్టి, పైన కుంచెతో పులుసు పూశాడు. మేస్త్రి పులుసు. నలభై ఏళ్ళ కింద నిజం అనాగొ ఎముకలూ తలకాయలూ మరిగించి మొదలుపెట్టి, రోజూ కొత్త ఎముకల రసం కలుపుతూ, ఒక్కరోజు కూడా అడుగంటనివ్వని కుండలోది. దాన్ని దీని మీద పూశాడు. శవానికి పెళ్ళికొడుకు బట్టలు తొడిగినట్టు. ఆవిడ నమిలి, కళ్ళు మూసుకుని, "ఎప్పటి రుచే మిత్సూ" అంది. తను తల వంచి దండం పెట్టాడు. దండం పెట్టాడు! గొంతులోంచి "చాలా సంతోషం" అని మాట కూడా వచ్చింది. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెతికి పట్టుకుని పీక పిసకాలని నెల రోజులుగా చూస్తున్నాడు. చినబాబు మీద, పెరూ మీద, చచ్చిన మేస్త్రి మీద, "మావాడు చెప్పినట్టే కానివ్వు మిత్సూ, నాకింక ఓపిక లేదు" అని మేడ మీదికి వెళ్ళిపోయిన మేస్త్రి భార్య మీద కోపం తెచ్చుకుంటూ తిరుగుతున్నాడు గానీ, ఆ మాట దొరికింది తన నోట్లోనే.

పదకొండూ పదిహేను. అన్నం ఉడికింది, వెనిగర్ కలిపాడు, చెక్క తొట్టి అంచుకి గరిటె తగిలి టక్కుమంది. చినబాబు తెర కర్ర పట్టుకుని బయటికెళ్ళి ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. పదకొండూ ఇరవై రెండు. ఏప్రన్ జేబులో మార్కర్ పెన్ను ఉంది, డబ్బాల మీద తేదీలు రాసుకునేది. ఉందని తెలుసు, పొద్దుట్నించీ తెలుసు, అయినా ఇప్పుడే తగిలినట్టు చెయ్యి ఉలిక్కిపడింది. స్టూలు ఎక్కాడు. నడుం పట్టేసింది. పడితే పట్టనీ. అయిదో పలక తీశాడు, మేస్త్రి రాత, ఒక్క వణుకు లేదు, దాన్ని గోడకేసి తిప్పాడు, వెనక వట్టి చెక్క, నలభై ఏళ్ళ పొగకి తేనెరంగు తిరిగింది. అరలోని ఆ టీ కప్పుల మీద ఈ చేపకి అక్షరం లేదు. ఎవరూ నేర్పలేదు. పిల్లలు రాసే తేలిక అక్షరాలతోనే రాశాడు, పెద్దగా, పెరూ పాముచేప అని. పాము దగ్గర చెయ్యి జారింది. చివరి అక్షరానికి చోటు చాలక నలిగిపోయింది. ఎండబెట్టిన స్క్విడ్. కొక్కేనికి తగిలించి దిగాడు. పెన్ను జేబులో దాచేశాడు, దొంగతనం చేసినట్టు.

తెర లేచింది, చినబాబు కాదు, ఒరిహారా అమ్మగారే, అయిదు నిమిషాలు ముందే, వెనకాల చినబాబు తలుపు పట్టుకుని మర్యాదలు చేస్తూ. కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొన్న వెనిగర్‌లోంచి తీసిన కొహాదా ఒకటి పెట్టాడు, తింది, తలూపింది. తలెత్తింది. కళ్ళజోడు పైకి జరిపి, పెదాలు కదిలిస్తూ, ఒక్కో అక్షరమే చదివింది. చినబాబు కూడా తలెత్తాడు. మొహం ఎర్రబడింది.

"మిత్సుగుగారూ, అదేంటది? తీసెయ్యండి."

మిత్సుగు గుడ్డతో బల్ల తుడిచాడు.

"ఇదేం చేప?" అంది ఒరిహారా అమ్మగారు.

"అనాగొ కాదండి. వేరే చేప. దూరం నుంచి వస్తుంది."

"రాత ఎవరిది, చిన్నపిల్లాడిదా?"

"నాదేనండి."

ఆవిడ మళ్ళీ చదివింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. "పోయిన నెల నేను తిన్నది?"

"ఇదేనండి."

బయట ట్రామ్ వెళ్ళింది, కప్పులు అరలో సన్నగా మోగాయి. ఆవిడ పట్టేస్తుందనీ, నాకప్పుడే తెలుసులేవయ్యా అంటుందనీ నెల రోజులుగా లోలోపల ఒక పిరికి ఆశ ఉంది, అలా అంటే సగం పాపం పోతుందని. ఆవిడ అనలేదు.

"నాకు తెలీలేదయ్యా." ఒళ్ళో టోపీ అంచు వేళ్ళతో తడుముకుంది. "ఇంటికెళ్ళి ఆయన ఫోటో ముందు కూర్చుని చెప్పాను. ఇవాళ అనాగొ ఎంత మెత్తగా ఉందో, నువ్వుంటే రెండు తినేవాడివి అని చెప్పాను. గంటసేపు చెప్పాను."

"అమ్మగారూ, మీకు ఇంకేదైనా, మా తరఫున," అని చినబాబు ముందుకొచ్చాడు. ఆవిడ చెయ్యి కాస్త పైకెత్తింది, ఆగిపోయాడు.

"అది ఒకటి పెట్టు" అంది మిత్సుగుతో. "ఏం తిన్నానో తెలియాలి నాకు."

డబ్బా తీశాడు. ఆవిరి పట్టాడు. ముద్ద చుట్టాడు. చెయ్యి అలవాటుగా పులుసు కుంచె మీదికి వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చింది. రెండు పలుకుల ఉప్పు వేశాడంతే. ఆవిడ ముందు పెట్టాడు. వేళ్ళతో తీసుకుని నోట్లో పెట్టుకుంది, కళ్ళు మూసుకోలేదు, అతని మొహం కేసే చూస్తూ నమిలింది, చాలాసేపు నమిలింది, రబ్బరులా ఉంటుందని అతనికి తెలుసు. టీ తాగింది. కప్పు దించింది.

"ఇదా దీని రుచి."

"అవునండి."

"ఇవాళ ఆయనకి మళ్ళీ చెప్పాలి. పోయిన నెల చెప్పింది అబద్ధమని." తుపాకీ గొట్టం అడగలేదు. టోపీ పెట్టుకుంది, అంచు సరిచేసుకుంది. "ఎవరు పెట్టారని అడుగుతాడు. ఆయనకి నువ్వంటే గురి. నీ పేరు చెప్పమంటావా?"

వెనిగర్‌లో కొహాదాలు పడుకుని ఉన్నాయి, తీసే వేళయింది, వేలితో నొక్కక్కర్లేదు, వాసనకే తెలుస్తోంది. చినబాబు స్టూలు మీద కాలు పెట్టి పలక కేసి చెయ్యి చాచాడు.

"చెప్పండి" అన్నాడు మిత్సుగు. "ఆ పలక ముట్టుకోకు" అని కూడా అన్నాడు, అటు తిరక్కుండానే.